నాయనమ్మ మరచెంబు, నా ప్లాస్టిక్ ఆల్బమ్: పాత నాణేలను పాడుచేసింది ఎవరు?

ఈ ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలవుతుంది. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నా.

ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ నాణెం చూడండి. మధ్యలో పెద్ద చిల్లు. 1944 నాటి బ్రిటిష్ ఇండియా పైసా. మన పెద్దవాళ్లు చిల్లు కాణీ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో రాగి ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టి కొట్టారు. 1943 నుంచి 1947 దాకా వచ్చాయి ఇవి. "వాడు చిల్లు కాణీకి కొరగాడు" అని తిడతారు చూడండి, ఆ కాణీ ఇదే.

మా ఇంట్లో మాత్రం దీనికి విలువ ఉంది. మా నాన్న పసిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆయన మొలతాడుకి కట్టిన కాణీ ఇది. నాన్న ఇప్పుడు లేరు. కాణీ ఉంది. ఇప్పుడు దీని అంచు చూడండి. ఇక్కడ పచ్చగా ఉంది కదా, అది కెమెరా రంగు కాదు. మొన్న ఆల్బమ్‌లోంచి తీస్తే వేలికి జిగురు అంటింది, ఆకుపచ్చ జిగురు. మూడేళ్ల కింద నేనే దీన్ని "భద్రంగా" దాచాను. దాదాపు అరవై ఏళ్లు నాయనమ్మ దగ్గర ఏమీ కాని నాణెం, బీటెక్ చదివిన మనవడి దగ్గర మూడేళ్లలో పాడైంది.

ఎందుకు పాడైందో వెతుక్కుంటూ వెళ్తే, అది మా గోదావరి ఒడ్డు చరిత్ర దాకా తీసుకెళ్లింది. రండి, మొదటినుంచి చెప్తా.

ఒక నది, రెండు డబ్బులు

మాది బూర్గంపహాడ్ వైపు. గోదావరికి ఇవతల మేము, అవతల భద్రాచలం. ఇప్పుడు వంతెన మీద బండేసుకుని వెళ్తే ఐదు నిమిషాలు. కానీ మా ముత్తాత కాలంలో ఆ నది దాటితే ప్రభుత్వం మారేది, డబ్బు కూడా మారేది.

ఎలాగంటే, భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్లకి వెళ్లింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఇవతల ఒడ్డు మాత్రం హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోయింది. ఖమ్మం అప్పట్లో వరంగల్ జిల్లాలో భాగం. 1953లోగానీ విడి జిల్లా కాలేదు. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. అంటే ఒకే అడవి, ఒకే నది, దాదాపు వందేళ్లు రెండు రాజ్యాలు.

ఇటు నిజాం డబ్బు, హాలీ సిక్కా. అటు బ్రిటిష్ రూపాయి. దాన్ని మావైపు కల్దారు అనేవాళ్లు. మా ముత్తాత ఉప్పు, బట్టలు పడవలో వేసుకుని అవతలి గూడేలకి వెళ్లేవాడట. తిరిగొచ్చేటప్పుడు చింతపండు, ఇప్పపువ్వు తెచ్చేవాడు. కాబట్టి ఆయన సంచిలో రెండు రకాల డబ్బూ ఉండేది.

మారకం లెక్క ఏంటో తెలుసా? ఏడు హాలీ సిక్కా రూపాయలకి ఆరు కల్దారు రూపాయలు. చిన్నప్పుడు నాయనమ్మ చెబితే ఈ ఏడు-ఆరు ఎక్కడినుంచి వచ్చిందా అనుకునేవాణ్ణి. ఈ ఎపిసోడ్ కోసం లెక్కేశా. నిజాం రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి. అంటే సుమారు 9.14 గ్రాముల వెండి. పాత బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెయ్యికి 917 పాళ్లు వెండి. అంటే సుమారు 10.69 గ్రాములు. ఇప్పుడు 9.14ని ఏడుతో, 10.69ని ఆరుతో గుణించండి. రెండూ దాదాపు 64 గ్రాములే. అంటే ఆ లెక్క ఎవరో నోటికొచ్చినట్టు పెట్టింది కాదు. అది వెండిని వెండితో తూచిన లెక్క.

ఇదిగో నిజాం రూపాయి. చార్మినార్ బొమ్మ, దాని మధ్య ద్వారంలో చిన్న అక్షరం కనిపిస్తోందా? అది ఉర్దూ 'ఐన్', ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. అంతకుముందు నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే అక్కడ 'మీమ్' ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సైఫాబాద్ వెళ్లండి. 1903లో టంకశాల పెట్టిన చోటే 2022లో మ్యూజియం తెరిచారు. ఇవన్నీ అక్కడ చూడొచ్చు.

మరచెంబులో ఏముంది

ఇప్పుడు నాయనమ్మ దగ్గరికి వద్దాం. ముత్తాత పోయాక మిగిలిన నాణేలు ఆమె చేతికొచ్చాయి. మొత్తం ఇరవై మూడు. వాటిని ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలు గుడ్డలో, ఒక్కోదాన్నీ విడిగా మడిచి, ఇత్తడి మరచెంబులో పెట్టి మూత బిగించేది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. ఇప్పటిదాకా అదే రికార్డు. ఆ రోజు ఇంట్లోంచి ఆమె మొదట తీసింది రేషన్ కార్డు, రెండోది ఈ చెంబు.

ఆమెకో రూల్ ఉండేది. ఉప్పు ముట్టిన చేత్తో డబ్బు ముట్టకూడదు. "మీ ముత్తాత సంచిలో రాగి డబ్బులన్నీ చిలుం పట్టి పోయినయిరా, ఉప్పు సంచి పక్కన పెట్టి" అనేది. నేను దాన్ని ఏదో లక్ష్మీదేవి సెంటిమెంట్ అనుకున్నా. కాదు, అది కెమిస్ట్రీ. ఉప్పులో ఉన్నది క్లోరైడ్. తేమతో కలిసి రాగిని తాకితే ఆకుపచ్చ చిలుము పుడుతుంది. ఒకసారి లోపలికి దిగితే పైన తుడిచినా ఆగదు, తేమ దొరికినప్పుడల్లా మళ్లీ తింటూనే ఉంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి: క్లోరైడ్. నా తప్పు దగ్గర మళ్లీ వస్తుంది.

రెండు వేల ఏళ్లు మట్టికుండలో, తర్వాత చెక్క సొరుగులో

గోదావరి వెంబడే పైకి వెళ్తే జగిత్యాల జిల్లాలో కోటిలింగాల. శాతవాహన రాజు సిముకుడి నాణేలు, అంతకుముందు అక్కడ ఏలిన గోబద, సమగోప లాంటి రాజుల నాణేలు అక్కడ దొరికాయి. పెద్దబంకూరు తవ్వకాల్లో అయితే శాతవాహన నాణేలు రాసులుగా బయటపడ్డాయి. ఆ కాలంలో మన దగ్గర డబ్బు అంటే బంగారం కాదు. రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం, ఇంకా సీసం. అవును, సీసం. రోజువారీ సంతలో సీసం బిళ్లలు ఇచ్చి సరుకు తెచ్చుకున్నారు.

ఇక్కడే నాకు విచిత్రంగా అనిపించిన విషయం ఉంది. మట్టికింద రెండు వేల ఏళ్లు తట్టుకున్న సీసం నాణెం, మంచి చెక్క సొరుగులో పెడితే కొన్నేళ్లలోనే తెల్లపొడి అయిపోవచ్చు.

కారణం చెక్క. చెక్క పైకి ఎండిపోయినట్టు కనిపించినా, అందులోంచి ఎసిటిక్ ఆసిడ్ ఆవిరి మెల్లగా వస్తూనే ఉంటుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఓక్ లాంటి చెక్కల్లో ఇది మరీ ఎక్కువ. ప్లైవుడ్, ఎండీఎఫ్ అయితే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది. మూసిన సొరుగులో ఆ ఆవిరి ఎక్కడికీ పోదు, సీసం మీదే పనిచేస్తుంది.

నిజానికి మనుషులు దీన్ని కావాలనే చేసిన కాలం ఉంది. తెల్ల రంగు, అదే సఫేదా, తయారుచేయడానికి సీసం రేకుల్ని వెనిగర్ ఆవిరి తగిలేలా కుండల్లో పెట్టి మూసేవాళ్లు. గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ రెండు వేల మూడొందల ఏళ్ల కిందే ఈ పద్ధతి గురించి రాశాడు. అంటే సీసం నాణేల్ని చెక్క పెట్టెలో దాచిన ప్రతివాడూ తెలియకుండా చిన్న సైజు రంగుల ఫ్యాక్టరీ నడిపినట్టే.

గవ్వలకీ ఇదే గతి పట్టింది. గవ్వ కూడా ఒకప్పుడు డబ్బే కదా. అందుకే ఇప్పటికీ చిల్లిగవ్వ లేదంటాం. 1899లో బైన్ అనే ఇంగ్లిష్ ఆయన, సొరుగుల్లో దాచిన గవ్వలు, శంఖాలు తెల్లగా పొడిబారిపోవడం చూసి అదేదో క్రిమి వల్ల వచ్చే జబ్బు అనుకున్నాడు. ఇప్పటికీ దాన్ని బైన్ జబ్బు అనే పిలుస్తారు. కానీ క్రిమీ లేదు, జబ్బూ లేదు. చెక్కలోంచి వచ్చే ఆసిడే.

పెట్టెకే పరీక్ష

మరి ఏ పెట్టె మంచిదో, ఏది కాదో ఎలా తేల్చాలి? 1973లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే ఆండ్రూ ఆడీ ఒక పరీక్ష ప్రచురించాడు. ఆడీ టెస్ట్ అంటారు. చాలా సింపుల్. మీరు వాడాలనుకున్న గుడ్డో, చెక్కో, ప్లాస్టిక్కో చిన్న ముక్క తీసుకోండి. గాజు సీసాలో వేసి, కొంచెం నీళ్లు, మూడు లోహపు రేకులు పెట్టి మూసేయండి. 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచండి. తర్వాత రేకులు చూడండి. ఏళ్లు పట్టే నష్టం నాలుగు వారాల్లో కనపడిపోతుంది. మా భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో పెట్టే ముందు లోడ్ టెస్ట్ చేయడం.

ఆ మూడు లోహాలు ఏంటో తెలుసా? వెండి, సీసం, రాగి. వెండి నల్లబడితే ఆ వస్తువులో గంధకం ఉన్నట్టు. సీసం తెల్లబడితే ఆసిడ్ ఉన్నట్టు. రాగి పచ్చబడితే క్లోరైడ్ ఉన్నట్టు.

ఒక్కసారి ఆలోచించండి. శాతవాహనుల సీసం. నిజాం వెండి. మా నాన్న మొలతాడు కాణీలో రాగి. మ్యూజియం వాళ్లు ప్రమాదాన్ని పసిగట్టడానికి ఎంచుకున్న మూడు లోహాలూ మన డబ్బే. అంత సున్నితమైనవి కాబట్టే ఎంచుకున్నారు. మనమేమో వాటిని ఏది దొరికితే దాంట్లో పెట్టేస్తాం.

ఇప్పుడు నా తప్పు

మూడేళ్ల కింద చెంబు నా చేతికొచ్చింది. "గుడ్డలో చుట్టి పెట్టడం ఏంటి నాయనమ్మా, నేను మంచి ఆల్బమ్ కొంటా" అన్నా. ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించా. మెత్తటి పారదర్శక జేబులు, ఒక్కోదాంట్లో ఒక నాణెం. చూడ్డానికి అద్భుతం. తెరవగానే కొత్త రెయిన్‌కోట్ వాసన వచ్చింది. ఆ వాసనే నాకు హెచ్చరిక. నేను వినిపించుకోలేదు.

ఆ మెత్తటి ప్లాస్టిక్ పేరు పీవీసీ. పేరులోనే క్లోరైడ్ ఉంది, పాలీవినైల్ క్లోరైడ్. అసలు పీవీసీ గట్టిగా ఉంటుంది, మన నీళ్ల పైపుల్లాగా. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే కెమిస్ట్ దాంట్లో కొన్ని ద్రవాలు కలిపి మెత్తగా వంగేలా చేశాడు. ఆ ద్రవాల్నే ప్లాస్టిసైజర్ అంటారు. రెయిన్‌కోట్లు, షవర్ కర్టెన్లు, వైరు తొడుగులు, ఇలా ప్రపంచమంతా పాకింది. నాణేల జేబులకీ చవగ్గా సరిపోయింది.

కానీ కాలం గడిచేకొద్దీ, ముఖ్యంగా వేడిలో, రెండు జరుగుతాయి. ఆ ద్రవం మెల్లగా బయటికి ఊరి నాణేనికి అంటుకుంటుంది. పీవీసీ విరిగి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వదులుతుంది. ఆసిడ్ రాగిని తింటే వచ్చేదే ఆ ఆకుపచ్చ. మా ముత్తాత సంచిలో ఉప్పు చేసిన పనే, ఈసారి ప్లాస్టిక్ చేసింది. ఏప్రిల్, మే ఎండల్లో మా ఇంటి పై గదిలో అల్మరా ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు.

వెండి రూపాయలు బాగానే బతికాయి, పైన జిడ్డు మాత్రమే. ఎక్కువ దెబ్బ తిన్నది ఈ కాణీ.

నాయనమ్మకి చూపించా. ఆమె కోప్పడలేదు. కాసేపు చూసి, "చింతపండు పెట్టి తోముతా, తే" అంది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. చింతపండుతో తోమితే తళతళలాడుతుంది నిజమే. కానీ ఆ తళతళ కింద ఏం జరుగుతుందంటే, ఆసిడ్ పై పొరని కరిగించి తీసేస్తుంది. దానితోపాటు అక్షరాల అంచులు, అరవై ఏళ్ల ముదురు గోధుమ రంగు అన్నీ పోతాయి. ఆ రంగు మురికి కాదు, లోహం తనకు తాను వేసుకున్న కోటు. గిన్నెలకి చింతపండు ఓకే. నాణేలకి వద్దు. పళ్లపొడి, నిమ్మకాయ, విభూతి, ఏదీ వద్దు.

మరి నేనేం చేశా? స్వచ్ఛమైన ఎసిటోన్‌లో ముంచి ఉంచా, రుద్దలేదు. కిటికీ తెరిచి, స్టవ్‌కి దూరంగా; ఎందుకంటే ఎసిటోన్ భగ్గున అంటుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, దాంట్లో రంగు, సెంటు, నూనె కలుపుతారు. జిగురు పోయింది. కానీ దాని కింద లోహం తిన్న గుంటలు అలాగే ఉన్నాయి. ఇదిగో, ఈ అంచు దగ్గర. అవి పోవు. కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. లోహానికి ఆ సదుపాయం లేదు.

కాబట్టి మీ ఇంట్లో ఏం చేయాలి

మీ ఇంట్లో కూడా అటక మీద ఏ డబ్బాలోనో నాలుగు పాత నాణేలు ఉండే ఉంటాయి. లంబాడీ అమ్మమ్మల దుస్తుల మీద కుట్టిన రూపాయలు ఉండొచ్చు, పూజ గదిలో పసుపు పూసిన రూపాయి ఉండొచ్చు.

మొదటిది, ప్లాస్టిక్ వాసన చూడండి. రెయిన్‌కోట్ వాసన, మెత్తగా జిడ్డుగా ఉంటే తీసేయండి. డబ్బా అడుగున త్రికోణంలో నంబర్ ఉంటే చూడండి. 3 అంటే పీవీసీ, వద్దు. 1 అంటే పెట్, 5 అంటే పాలీప్రొపిలీన్, ఇవి మంచివి. మైలార్ అని అమ్మేది కూడా పెట్ లాంటి పాలిస్టర్ రేకే. మైలార్ కిటికీ ఉన్న చిన్న అట్ట హోల్డర్లు చవగ్గా దొరుకుతాయి. స్టేపులర్ పిన్ను నాణేనికి తగలకుండా చూసుకోండి, అంతే.

రెండోది, రబ్బరు బ్యాండు వేయొద్దు. రబ్బరులో గంధకం ఉంటుంది, వెండిని నల్లగా చేస్తుంది. ఉన్ని గుడ్డదీ అదే కథ. న్యూస్‌పేపర్‌లో చుట్టొద్దు, దాంట్లో ఆసిడ్. సెల్లో టేప్ అసలే వద్దు.

మూడోది, చెక్క పెట్టె అందంగా ఉంటుంది, అందులో ఫొటోలు పెట్టుకోండి. సీసం, రాగి నాణేలు వద్దు.

నాలుగోది, తేమ. వానాకాలంలో మా గోదావరి ఒడ్డున గోడలే చెమ్మగిల్లుతాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. రంగు మారే రకం అయితే మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడొచ్చు. నాణేన్ని అంచులతో పట్టుకోండి. చెమటలోనూ ఉప్పే.

ఇంకో మాట. పొలం దున్నుతుంటే కుండ దొరికితే, దాన్ని కడిగి, తోమి, వీడియో తీసి అమ్మేయకండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టర్‌కి చెప్పాలి. కుండ, మట్టి, లోపల ఏ నాణెం పక్కన ఏది ఉంది, ఇదంతా చరిత్రకారులకి ఆధారమే. అలాగే "మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఛార్జీలు కట్టండి" అని ఫోన్ వస్తే కట్ చేయండి. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా మోసం చేస్తున్నారని 2021లో ఆ బ్యాంకే హెచ్చరించింది.

చివరగా, భద్రాచలం మాట లేకుండా ముగిస్తే మావాళ్లు ఊరుకోరు. రామదాసు కోసం రాముడే తానీషాకి ఆరు లక్షల మాడలు కట్టాడని, అందులో రెండు ఇప్పటికీ గుడిలో ఉన్నాయని భక్తుల నమ్మకం. రామటంకాలు అనేవి దేశంలో చాలాచోట్ల దొరుకుతాయి. వాటిలో ఎక్కువ భాగం సంతలో ఖర్చుపెట్టే డబ్బు కాదు, గుళ్లలో, పూజ గదుల్లో దాచుకునే ముద్రలని నాణేల నిపుణులు అంటారు. నాకు ఆ కథలో నచ్చేది ఒకటే. ఆరు లక్షలు వచ్చాయి, ఖజానాలో కలిసిపోయాయి. జనం గుర్తుపెట్టుకున్నది దాచిన రెండింటిని.

మావి ఇరవై మూడు. వాటిని ఇప్పుడు పాలీప్రొపిలీన్ డబ్బాలో, పాలిస్టర్ కవర్లలో పెట్టా. కాణీ మాత్రం నాయనమ్మ తిరిగి తీసుకుంది. ఉతికిన నూలు గుడ్డ తెమ్మంది, చుట్టింది, మరచెంబులో వేసి మూత బిగించింది. చెంబులో ఒక సిలికా జెల్ పొట్లం నేను వేశా.

"ఏందిరా ఇది, మందు పొట్లమా?" అంది.

"అవును నాయనమ్మా, నాణేనికి" అన్నా.

ఉంచనిచ్చింది. ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో అటక ఎక్కండి, డబ్బా తెరవండి, ముందు వాసన చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.